చేతబడి నేరము – నీడల సాక్ష్యము

సూర్యాపేటనుండి కోదాడకు పోవు రాజమార్గమున గాని, మిర్యాలగూడ చుట్టుపట్ల కాలువగట్టున గాని, ప్రొద్దుగ్రుంకినపిదప ఏ గ్రామముననైనను కొంతతడవు అరుగుపై కూర్చుండి మాటలు వినువారికి ఒక పదము వినబడకపోదు. అది చేతబడి, కొందఱు బాణామతి యందురు. పట్టపగలు ఆ పేరెత్తినచో నవ్వువారే చీకటిలో నవ్వరు. గేదె పాలియ్యకున్నను, కోడలికి కడుపు నిలువకున్నను, వయసుపిల్లవాడు నాలుగుదినములు జ్వరపడి నోటమాట పడిపోయినను, "ఎవరో చేసినారు" అను మాట ఇంటిలో పుట్టును. "ఏదో వచ్చినది" యనుటకును, "ఎవరో చేసినారు" అనుటకును గల భేదమును చదువరులు గమనింపవలెను. మొదటి మాటకు మందు కావలెను. రెండవ మాటకు మనిషి కావలెను.

ఆ మనిషి దొరకుట దుర్లభము కాదు. సోది చెప్పునామెయు, అంజనము వేయువాడును సామాన్యముగా పేరు చెప్పరు, ఆనవాళ్ళు చెప్పుదురు. మీ యింటికి తూర్పుదిక్కున నుండువాడట. మీ బాగు చూచి యోర్వలేనివాడట. ఈ నడుమ మీతో ఏదో మాటపట్టింపు పడినవాడట. ఇట్టి యానవాళ్ళకు సరిపడువాడు ఏ యింటి చుట్టుప్రక్కల లేడు? ఖాళీగా విడిచినచోట పేరును రోగి బంధువులే పూరించుకొందురు. ఆ పేరు పదియెకరముల మాగాణియు, నలుగురు కొడుకులును గలవానిది సాధారణముగా కాదు. ఒంటరిగా బ్రతుకు విధవరాలిదో, ఆకుపసరులతో నాటువైద్యము చేయు ముదుసలిదో, ఇచ్చిన యప్పు తిరిగి యడిగిన పేదవానిదో, గట్టు తగవులో లొంగని దాయాదిదో యగును. ఉత్తరదేశపు రాష్ట్రములు కొన్నింట ఈ నింద ఆడువారిపైననే మిక్కిలిగా పడుచుండ, మన తెలంగాణమున మగవారిని సైతము విడువకుండుట విశేషము. పిమ్మట జరుగు తంతు ఎఱిగినదే. రాత్రివేళ కులపెద్దల యెదుట నిలువబెట్టుదురు; చేసినదానిని తీసివేయుమని నిర్బంధింతురు; మంత్రము ఉచ్చరింపరాకుండ ముందరి పండ్లు రాలగొట్టుదురు; ఊరు వెడలగొట్టుదురు. అంతటితో తీరనిచో గొడ్డలియో, కిరసనాయిలో.

ఇది తాతలనాటి మాట యని పట్టణవాసులు తలపవచ్చును. 2019 సెప్టెంబరులో, హైదరాబాదునకు సమీపముననే యున్న శామీర్‌పేట మండలపు అద్రాసుపల్లెలో, ఒక స్త్రీ చితి యారకమునుపే, ఆమె చావునకు కారకుడని యొక యువకుని కొట్టి చంపి ఆ చితిపైననే వైచిరి. 2022 జనవరిలో జగిత్యాల పట్టణమున కులసంఘపు సమావేశము జరుగుచుండగా, కూడినవారందఱు చూచుచుండగా, ఒక తండ్రిని, అతని యిద్దఱు కొడుకులను పొడిచి చంపిరి. కారణము చేతబడి యనుమానము. 2021లో భారతదేశమంతట ఈ కారణముచేత జరిగినవని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కించిన హత్యలు 68. అందు 11 తెలంగాణమునకు చెందినవి. పండ్లు పోయినవారును, ఊరు విడిచిపోయినవారును ఈ లెక్కలోనికి రారు.

ఈ వెఱ్ఱి యెట్లు పుట్టి, ఎట్లు ప్రాకి, ఎట్లు చల్లారునో ఆమూలాగ్రముగా చూడవలెనన్న మన యుదంతములు చాలవు. చెట్టుక్రింది పంచాయతీ వ్రాతకోతలు పెట్టుకొనదు. మఱునాటికి అందఱును "మేమచట లేము" అందురు. వాఙ్మూలములును, తీర్పులును, చెఱసాలలో సంకెళ్ళకైన ఖర్చును సైతము కాగితముపై నిలిచిన యుదంతమొకటి మాత్రము లోకమున గలదు. అది అమెరికాలో మాసచుసెట్సు వలసరాజ్యమునందలి సేలము గ్రామమున 1692లో జరిగినది. పేరు చూచి తమిళదేశపు సేలమని భ్రమపడకుందురు గాక.

సేలమువారు ప్యూరిటనులు. ఇంగ్లండుచర్చి యాచారములు చాలినంత శుద్ధములు కావని పట్టుపట్టి, సముద్రము దాటి, దైవశాసనము ననుసరించి నడుచు రాజ్యమును నిర్మింపవచ్చిన నిష్ఠాపరులు. వారు నిరక్షరాస్యులు కారు. 1636లోనే కళాశాల నెలకొల్పుకొనిరి. ఏబది యిండ్లున్న ప్రతి యూరును బడిపంతులును పెట్టుకొనవలెనని 1647లో శాసించిరి. చదువు వచ్చినంతనే ఈ పిచ్చి వదలునని మనవారిలో ఒక నమ్మకము కలదు గనుక ఈ సంగతి యిచట చెప్పవలసివచ్చినది. సేలము విచారణలకు అధ్యక్షత వహించిన న్యాయాధిపతి స్టౌటను ఆ కళాశాలయందు పట్టము పుచ్చుకొన్నవాడే.

అయితే వారి కాలము బాగులేదు. 1684లో రాజు వారి పాత సనదును రద్దుచేసెను. పొలములకు హక్కు నిలుచునో లేదో తెలియక జనులు కలవరపడుచుండిరి. ఉత్తరపు సరిహద్దున ఫ్రెంచివారితోను, వారిప్రక్క నిలిచిన ఆదిమవాసులతోను యుద్ధము నడుచుచుండెను. ఇల్లువాకిళ్ళు కాలి పాఱివచ్చినవారు సేలములోను తలదాచుకొనుచుండిరి. ఊరిలో రెండు పక్షములు. పుట్నాము వంశమువారొక ప్రక్క, పోర్టరు వంశమువారొక ప్రక్క. పారిసు అను పాదిరికి జీతమియ్యవలెనా, పొయ్యిలోనికి వంటచెఱకు తోలవలెనా యని తగవులాడి, 1691 శరత్కాలమున ఆయన జీతమునకై పన్ను వేయుటకు గ్రామసంఘమువారు ఒప్పుకొనరైరి. కట్టెల దగ్గఱ మొదలైన కక్ష ఎంతదూరము పోవునో మన గ్రామములెఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

1692 జనవరిలో ఆ పాదిరి కూతురు, తొమ్మిదేండ్ల బెట్టీ, ఆమెతోపాటు ఆ యింటనే పెరుగుచున్న పదునొకండేండ్ల అబిగెయిలు, అకారణముగా కేకలువేయుట, వంకరలు తిరుగుట, మంచముల క్రింద దూరుట మొదలిడిరి. గ్రామవైద్యుడు తనకు తెలిసిన మందులు ముగిసినపిదప, ఇది దుష్టహస్తపు పని యని చెప్పెను. తన చేతకానిదానిని దయ్యముపై నెట్టివేయు వైద్యుడు సేలములోనే యుండెననుకొనరాదు. పొరుగింటి యిల్లాలొకతె సలహాపై, పాదిరి యింట దాసిగానున్న టిట్యూబా అను నామె, పిల్లల మూత్రముతో రైధాన్యపు పిండి కలిపి రొట్టె కాల్చి కుక్కకు పెట్టినది. చేసినవారెవరో బయటపడుటకు అది వారి విరుగుడు. మన నిమ్మకాయలకును, దిగదుడుపునకును ఆ రొట్టె దూరపు చుట్టము.

అంతట పిల్లలు పేర్లు చెప్పిరి. మొదటి మూడు పేర్లు చూడుడు. ఒకతె ఆ దాసి టిట్యూబా. రెండవది సారా గుడ్డు, బిచ్చమెత్తి బ్రతుకు నిల్లాలు. పెట్టనివారి గుమ్మమున గొణుగుకొనుచు పోవు నలవాటు గలది. మూడవది సారా ఆస్బర్ను, మంచముపట్టి గుడికి రాలేకపోయినది. మొదటి మగని యాస్తినిగూర్చి అతని బంధువులతో తగవున్నది. దాసి, బిచ్చగత్తె, ఆస్తితగవున్న రోగిష్ఠి: మనయూరి పట్టికకును ఈ పట్టికకును ఎంత తేడా యున్నదో చదువరులే నిర్ణయింతురు గాక. టిట్యూబా మొదట లేదనెను. పిమ్మట నిర్బంధమునకు తాళలేక, ఔననెను. తనవంటివారు మఱికొందఱున్నారనికూడ చెప్పెను. అప్పటినుండి జనులు తమలో దాగియున్నవారిని వెదకసాగిరి.

మే నెలలో గవర్నరు ఫిప్సు ప్రత్యేకన్యాయస్థానము నేర్పఱచెను. అందు అంగీకరింపబడిన సాక్ష్యమే ఈ కథ యంతటికి కీలకము. "ఆమె దేహము తనయింటనే నిద్రించుచుండ, ఆమె ఛాయ నా గదిలోనికి వచ్చి నన్ను గిచ్చినది" అని బాధితురాలు చెప్పినచో, న్యాయాధిపతులు దానిని సాక్ష్యముగా గైకొనిరి. ఆ ఛాయ బాధితురాలికి తప్ప మఱెవరికిని కనబడదు. నేనా రాత్రి ఇంట నుంటినని పదుగురిచేత చెప్పించినను ముద్దాయికి లాభము లేదు. దేహము ఇంటనున్నమాట ఎవరును కాదనుట లేదు గదా! ఏ సాక్షియు ఖండింపజాలని సాక్ష్యము ఇదియే. మన సోదియందలి పేరు, పూనకమందలి కేక, స్వప్నమున కనబడిన పొరుగువాడు, ఇవియన్నియు ఈ జాతివే.

దీనికి తోడు ఇంకొక ఘోరము. ఒప్పుకొన్నవారిని మఱికొందఱి పేర్లు చెప్పుటకై బ్రతుకనిచ్చిరి, ఒప్పుకొననివారిని ఉరిదీసిరి. ఏబదిమందికి తక్కువ కాకుండ ఒప్పుకొనిరి. అబద్ధమాడి ఆత్మను చెఱుపుకొనలేమన్నవారే చచ్చిరి. డెబ్బదియొకయేండ్ల రెబెకా నర్సు ఊరందఱు గౌరవించు ఇల్లాలు. పంచులు ఆమెను నిర్దోషిని యనిరి. వెంటనే పిల్లలు గగ్గోలు పెట్టిరి. ఆమె విచారణలో పలికిన యొక మాటను మఱల ఆలోచింపుడని స్టౌటను పంచులకు చెప్పెను. ఆ మాటకు అర్థమేమని అడిగినప్పుడు, వినికిడి తక్కువైన ఆ ముసలమ్మ బదులు పలుకలేదు. పంచులు తీర్పు మార్చిరి. జూలై 19న ఆమె నురిదీసిరి. మంత్రగాడు ప్రభువు నేర్పిన ప్రార్థనను తప్పులేకుండ వల్లింపలేడని వారి నమ్మకము. ఆగస్టు 19న ఉరికంబమెక్కిన మాజీ పాదిరి బరోసు దానిని ఒక్క యక్షరము తప్పక చదివెను. జనులు కంటనీరు పెట్టుకొనిరి. అయినను ఉరి యాగలేదు. పండ్లు రాలగొట్టి మంత్రము పలుకకుండ చేయబూను మన పెద్దలు ఈ ఘట్టమును ఒకసారి స్మరింపవలెను. తప్పు పలికినను నేరమే, ఒప్పు పలికినను నేరమే! ఎనుబదియేండ్లకు చేరువైన గైల్సు కోరీ విచారణకు ఒడంబడక మౌనము వహింపగా, రొమ్ముపై బండలు పేర్చి చంపిరి.

సెప్టెంబరు 22 నాటికి ఉరికంబమెక్కినవారు పందొమ్మండుగురు. పదునలుగురు స్త్రీలు, ఐదుగురు పురుషులు. చెఱలో చచ్చినవారు కనీసమైదుగురు. నూటయేబదిమందికి పైగా బంధితులు. సారా గుడ్డు కూతురు డొరతీ, నాలుగైదేండ్ల పిల్ల, సంకెళ్ళలో నెలల తరబడి పడియుండెను. పొలములు దున్నువారు లేరు, పంటకు కాపు లేదు, కాపురములు విచ్చిపోయెను, మగడు పెండ్లముపై, కూతురు తల్లిపై సాక్ష్యమిచ్చిరి. నిర్దోషులని తేలినవారు సైతము చెఱసాల తిండికి, సంకెళ్ళకు అయిన ఖర్చు చెల్లించినగాని బయటికి రాలేకపోయిరి.

అది యాగిన తీరుకూడ గమనింపదగినది. నిందలు క్రమముగా గొప్పవారి గుమ్మములు త్రొక్కసాగెను. గవర్నరు భార్యపేరుకూడ వినవచ్చెను. అప్పుడు పెద్దలకు ఛాయాసాక్ష్యముపై సంశయము పుట్టినది. పేదరాలి మెడకు త్రాడు పడినప్పుడు పుట్టని సంశయము! అక్టోబరులో పాదిరుల పెద్దయగు ఇంక్రీసు మెదరు ఆ సాక్ష్యమొక్కటియే చాలదని వ్రాసెను. ఆ నెల కడపటనే గవర్నరు న్యాయస్థానమును ఎత్తివేసెను. 1693లో, ఛాయాసాక్ష్యమును త్రోసివేసిన క్రొత్త న్యాయస్థానము ముందు ఇంచుమించు అందఱును విడుదలైరి. దయ్యములు మారలేదు, పిల్లలు మారలేదు. ఒక్క సాక్ష్యనియమము మారినది.

మనకును వారికిని భేదము లేకపోలేదు. అచట రాజ్యమే ఉరితీసినది. ఇచట రాజ్యశాసనము హంతకునే శిక్షించును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 103వ విభాగము ననుసరించి, జాతి, కులము, లింగము, వ్యక్తిగతవిశ్వాసము మున్నగు కారణములచేత ఐదుగురో అంతకు మించియో కూడి హత్యచేసినచో, ఆ గుంపులోని ప్రతియొకనికిని మరణశిక్షగాని, యావజ్జీవశిక్షగాని విధింపవచ్చును. పొరుగున మహారాష్ట్రము 2013లో, నరేంద్ర దాభోల్కరుగారు తుపాకిగుండ్లకు బలియైన సంవత్సరముననే, ఇట్టి మూఢాచారములపై ప్రత్యేకశాసనము చేసికొనినది. కర్ణాటకము 2017లో చేసికొనినది. తెలుగుదేశమునను అట్టి శాసనము కావలెనని హేతువాదులు చిరకాలముగా కోరుచున్నారు. కోరవలసినదే. కాని శాసనము మేల్కొనువేళకు శవము చల్లబడియుండును. ఛాయాసాక్ష్యము మన న్యాయస్థానములలో చెల్లదు, చెట్టుక్రింద చెల్లుచున్నది. చెట్టుక్రింద కూర్చుండువారెవరు?

ఈ ప్రశ్న ఈ పత్రిక చదువు భూస్వాములను, పట్టణములలో నివసించుచు ఊరిలో మాట చెల్లించుకొను గృహస్థులను ఉద్దేశించినది. మనలో ఎవరును గొడ్డలి పట్టుకొనము. కాని పంచాయతీకి పిలుపు వచ్చినప్పుడు పోయి ముక్కాలిపీటపై కూర్చుండి, సోది చెప్పినదేమో వినుచుందుము. ఆ కూర్చుండుటయే ఛాయాసాక్ష్యమునకు ముద్ర. "చేసినాడో లేదో మాకేమి తెలియును, ఊరందఱు అనుచున్నారు" అని లేచివచ్చుదుము. స్టౌటను చేసినదానిలో సగము ఇదియే. కొందఱు శాంతికొఱకని చెప్పి ఐదువేలో పదివేలో దండుగ వేసి, నిందితునిచేత గుడిమెట్లపై ప్రమాణము చేయింతురు. దండుగ చెల్లించినవాడు నేరము నొప్పుకొన్నట్లే యగును. ఇంకొక గొడ్డు చచ్చిన దినమున ఊరివారు నేరుగా అతని యింటికే వత్తురు.

సాగరు ఎడమకాలువనీరు పాఱినతర్వాత మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ పొలముల వెల యెంత పెరిగినదో మనకు తెలియును. మెట్టగా నున్నప్పుడు ఎవరును కన్నెత్తి చూడని గట్టు, మాగాణి యైనపిదప తలలు పగులునంతటి తగవైనది. కోర్టులో పదియేండ్లు పట్టు తగవును చేతబడి యను పేరు పదిదినములలో తేల్చును. కనుక ఎవని పేరు వినబడినను, పెద్దమనిషి యడుగవలసిన మొదటి ప్రశ్న దయ్యమునుగూర్చి కాదు. ఆ రెండిండ్లకు నడుమ గట్టు గాని, అప్పు గాని, పిల్లనిచ్చు తగవు గాని ఉన్నదా?

రెండవ ప్రశ్న రోగమునుగూర్చి. కంటికి కారణము కనబడనంతమాత్రమున కారకుడు మనిషియే కానక్కఱలేదని నల్లగొండసీమవారికి ఒకరు చెప్పవలెనా? మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో నడుములు వంగి, కాళ్ళు వంకరలుపోయిన బిడ్డలను చూచినారము. అది ఎవరి ప్రయోగమును కాదు, బావినీటిలోని ఫ్లోరైడు. నోటమాట పడిపోయిన జ్వరము మెదడున కెక్కిన మలేరియా కావచ్చును. కన్నులు తేలవైచి కొట్టుకొనుట మూర్ఛ కావచ్చును. క్రొత్తకోడలు వేఱుగొంతుతో అఱచుట, నోరు విప్పి చెప్పుకొనలేని బాధ కావచ్చును. బెట్టీని ఆ యింటినుండి తప్పించి వేఱొకరి యింట నుంచగా, క్రమముగా కుదుటబడినది. 2019 నుండి సూర్యాపేటలో ప్రభుత్వ వైద్యకళాశాలయే నడుచుచున్నది. 108కి పిలుపు పోయినచో బండి వచ్చును. పెద్దయిన వాడు పంచాయతీకి పోవుటకు మాఱుగా ఆ రోగిని బండి యెక్కించుటకు పోయినచో, ఊరు రెండింటిలో దేనిని చూచును?

ఇచట ఒక మాట. గురజాడవారి కన్యాశుల్కములో పూజారి గవరయ్య దయ్యములను సీసాలో బంధించినానని చెప్పినప్పుడు మనమందఱము నవ్వినారము. అదే నాటకములో లుబ్ధావధానులుపై ఖూనీనేరము వచ్చిన సంగతి మఱచితిమి. చచ్చినదని చెప్పబడిన పిల్ల అసలు పుట్టలేదు. ఆడవేషము వేసిన పిల్లవాడు. లేని పిల్ల ఖూనీ నిజమగు నేరమై అతని మెడకు చుట్టుకొనుట ఆ హాస్యమునకు అడుగున నున్న భయము.

ఒకసారి పని జరిగిపోయినపిదప దిద్దుకొనుట ఎట్టిదో సేలమే చూపినది. 1697 జనవరి 14న, న్యాయాధిపతులలో ఒకడగు శామ్యూలు స్యూవలు, బోస్టను గుడిలో తన తప్పిదమును పాదిరి చదువుచుండగా, సభయందు తలవంచుకొని నిలిచెను. స్టౌటను నిలువలేదు. ఊరు పారిసును సాగనంపినది. తర్వాత వచ్చిన గ్రీను అను యువపాదిరి, గుడిలో కూర్చుండు చోట్లు మార్చి, నిందించినవారిని, నిందింపబడినవారి బంధువులను ఒకే వరుసలలో కూర్చుండబెట్టెను. 1706లో, మిక్కిలి నిందలు వేసిన ఆన్ పుట్నాము, అప్పటికి ఇరువదియాఱేండ్ల యువతి, ఆ గుడిలోనే నిలిచి, నర్సమ్మ వంశమువారిని క్షమాపణ వేడెను. 1711లో ప్రభుత్వము 578 పౌండ్ల 12 షిల్లింగులు నష్టపరిహారముగా పంచినది. పట్టికలో పేరెక్కని వారు కొందఱు మిగిలిపోయిరి. వారిలో కడపటిదగు ఎలిజబెత్తు జాన్సను పేరును, ఒక పాఠశాల పిల్లలు తమ ఉపాధ్యాయినితో కూడి పట్టుపట్టగా, 2022లో మాసచుసెట్సు శాసనసభ నిర్దోషిగా ప్రకటించినది. నడుమ గడచినవి 329 సంవత్సరములు.

డొరతీ తండ్రి 1710లో ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. బిడ్డ చెఱసాలనుండి వచ్చిననాటినుండి ఆమెకు మతి కుదురలేదనియు, తన్ను తాను చూచుకొనలేదనియు అందు వ్రాయించెను. అతనికి 30 పౌండ్లు ఇచ్చిరి. మన సీమలో ఇట్టి నిందపడి రాత్రికి రాత్రి ఊరు విడిచి, హైదరాబాదులో కూలికి కుదిరిన కుటుంబములు అర్జీలు పెట్టుకొన్న జాడ లేదు. వారి చేను నేడు ఎవరి యనుభవమున నున్నదో, గట్టు ఎటువైపు జరిగినదో, ఆయా గ్రామముల భూమిలెక్కలు చూడబోయినవారికి తెలియవచ్చును.